రమణ రాసిన వాదన

అది 1931. ఒరిస్సా ఇంకా వేరే రాష్ట్రం కాలేదు. బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ ఊళ్లో ఇంటర్మీడియట్ వరకే ఉన్న ఒక చిన్న కాలేజీలో నేను లాజిక్ లెక్చరర్ని. ఒక మాట నుంచి ఇంకో మాట న్యాయంగా ఎలా వస్తుందో, ఎక్కడ దారి తప్పుతుందో పిల్లలకు చూపించడమే లాజిక్ పాఠం. దానికి తోడు హాస్టల్ వార్డెన్ పని కూడా నాదే.

కాలేజీ చిన్నది కావడంతో ఎవరు దగ్గినా అందరికీ తెలిసేది. హాస్టల్లో తెలుగు వాళ్లకో వంటిల్లు, ఒడియా వాళ్లకో వంటిల్లు ఉండేవి. భోజనాలు వేరైనా గదులు కలిపే ఇచ్చేవాళ్లం. ఊళ్లో అప్పుడు ఎక్కడ చూసినా ఒకటే చర్చ: గంజాం జిల్లా మద్రాసులో ఉండాలా, రాబోయే ఒరిస్సాలో కలవాలా అని. మా పిల్లలూ వరండాల్లో దాని మీద గొంతులు చించుకునేవారు. సాయంత్రమయ్యేసరికి అదే పిల్లలు ఒకే జట్టుగా బంతాట ఆడేవారు.

ప్రిన్సిపాల్ గారిది ఒకటే పట్టు. ఇక్కడ చదివినవాడు బయటికి వెళ్లి ఏం చేసి బతుకుతాడో ముందే ఆలోచించాలి అనేవారు. శనివారం మధ్యాహ్నాలు దరఖాస్తు ఎలా రాయాలో, దొర ఎదుట ఎలా నిలబడి జవాబు చెప్పాలో నేర్పించేవాళ్లం. పోస్టాఫీసు, రైల్వే, ఉప్పు శాఖ, స్కూలు మాస్టరీ, అన్నిటికన్నా పైన ప్లీడరీ. మా పిల్లల కలలు ఆ వరుసలోనే ఉండేవి.

వెంకటరమణది జిల్లాకు పేరిచ్చిన గంజాం ఊరు. తండ్రి పురుషోత్తం గారికి అక్కడి బజారులో కిరాణా కొట్టు ఉంది. కొడుకును నల్లకోటులో చూడాలని ఆయన ఆశ. ఆశపడడంలో తప్పు లేదు. మొదటి ఏడాది మా సాహిత్య సంఘంలో రమణ లేచి మాట్లాడితే గోల చేసే వెనక బెంచీలు కూడా ఊరుకునేవి. రెండో ఏడాదికి ముందు వేసవి సెలవుల్లో వాడికి టైఫాయిడ్ వచ్చింది. మనిషి దక్కాడు. కాలేజీ తెరిచాక బాగా చిక్కి, నవ్వుతూ తిరిగి వచ్చాడు. కాని మాట్లాడడం తగ్గించేశాడు.

ఒకరోజు క్లాసులో వాణ్ణి లేపి 'ఫాలసీ' అంటే ఏమిటని అడిగాను. చూడడానికి సరిగ్గా ఉన్నట్టే ఉండి, లోపల తప్పు దాచుకున్న వాదనని మా భాషలో ఫాలసీ అంటాం. రమణ నావైపు చూడలేదు. పక్కనున్న దండపాణి ముఖం వైపు చూసి, ముందు రోజు పాఠంలోని వేరే ప్రశ్నకు చక్కటి జవాబు చెప్పాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు కూడా వాడికి అందలేదని, అందరి నోళ్లూ చూసి వాడూ నవ్వినప్పుడు నాకు అర్థమైంది.

క్లాసు అయ్యాక దండపాణిని ఆపాను. అస్కా వైపు నుంచి వచ్చిన ఒడియా రైతు బిడ్డ వాడు, రమణ గదిలోనే ఉండేవాడు. చదువులో అంతంత మాత్రం. తెలుగు మాత్రం మా వాళ్లలాగే మాట్లాడేవాడు.

"ఆజ్ఞా మాస్టారూ," అన్నాడు, ఒడియా వాళ్లు పెద్దలకు పలికే మర్యాద మాటతో. తల దించుకుని నిలబడ్డాడు.

"రమణకు చెవులు వినపడడం లేదా?"

"జొరం తరవాత పోయాయండి. గట్టిగా అరిస్తే ఏదో హోరులాగ ఉంటాదంట, అంతేనండి. ఎవరికీ సెప్పొద్దన్నాడు. మీరు సెప్పింది నేను పెదాలతో మళ్లీ అంటానండి, ఆడు సూసి రాసుకుంటాడు. ఈయాల మీరు ఒక్కసారిగా అడిగీసరికి నాకే అందలేదండి."

"అర్థంకాని పాఠమైతే ఏం చేస్తావు?"

"గదికెల్లాక పుస్తకం తీసి కుస్తీ పడతామండి ఇద్దరం."

ఇలాంటి సంగతి చిన్న కాలేజీలో దాగదు. వారం తిరక్కుండానే గంజాం నుంచి పురుషోత్తం గారు వచ్చి ప్రిన్సిపాల్ గారి గది ముందు నిలబడ్డారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కుర్రాణ్ని తీసుకెల్లిపోతాను పంతులు గారూ," అన్నారు నాతో. "తగ్గిపోతాదనుకుని పంపాను. సెవులు లేనోడు కోర్టులో ఏటి ఇంటాడు, ఏటి వాదిస్తాడు? కొట్లో కూకోబెడతాను. తూకం ఎయ్యడానికి సెవులెందుకు?"

రమణ తండ్రి పెదాలనే చూస్తున్నాడు. ఆ మాటలు వాడికి బాగానే అందాయి.

"కొట్లో అయితే వచ్చినోళ్లందరూ మాటాడతారు నాన్నా," అన్నాడు. తన గొంతు తనకే వినపడకపోవడంతో అది వరండా చివరిదాకా వెళ్లింది. "ఇక్కడైతే పుస్తకాలుంటాయి. ఆటికి నోరు లేదు."

పురుషోత్తం గారు గోడవైపు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నారు. తిరిగి నాతో నెమ్మదిగా అన్నారు. "ఇంట్లో ఆడితో ఎవరం మాటాడ్డం లేదండి. మాటాడితే ఏటి లాభం అని ఊరుకున్నాం. ఇంత మాట ఆడి నోటమ్మట ఇని ఎన్నాళ్లయిందో."

ప్రిన్సిపాల్ గారు లోపలికి పిలిచారు. ఆయన కఠినుడు కాదు, కాని సూటిగా అడిగే మనిషి. "పరీక్ష రాయడానికి చెవులు అక్కరలేదు, ఒప్పుకుంటాను. తరవాత మాటేమిటి? దేనికి తయారుచేస్తున్నామో మనకే తెలియకుండా ఆ కుర్రాణ్ణి ఇక్కడ ఉంచుకుంటే, అది దయ అవుతుందా, మోసమవుతుందా? పరీక్షల లోపల నాకు జవాబు చెప్పండి. అంతవరకు ఉండనివ్వండి," అన్నారు.

తండ్రి సరే అన్నారు. ఆ ప్రశ్న నా మెడకు చుట్టుకుంది.

నాకు తెలిసిన ఆఫీసులన్నీ తిరిగాను. పోస్టాఫీసులో తెలిసినాయన జనంతో పని కదా అన్నారు. రైల్వేలో సంగతి చెప్పకముందే తల అడ్డంగా ఊపారు. ఉప్పు శాఖలో ఒక గుమాస్తా జాలిపడి కాఫీ ఇప్పించాడు, అంతకుమించి ఏమీ చెప్పలేకపోయాడు. కాలేజీకి తిరిగొచ్చినప్పుడల్లా రమణ నా ముఖం చూసేవాడు. పెదాలు చదవడానికి అలవాటుపడ్డవాడికి ముఖం చదవడం ఎంతసేపు? నేను నోరు విప్పకముందే, "పర్లేదండి," అనేవాడు.

ఈలోగా కాలేజీ తనంతట తాను కొంచెం మారింది. ఎవరూ ఉత్తర్వు వేయలేదు. రమణకు వెలుగు పడే వైపు ముందు బెంచీ వదిలేశారు. సంస్కృతం పంతులు గారు పచార్లు చేస్తూ పాఠం చెప్పే అలవాటు మాని ఒకచోట నిలబడ్డారు. చరిత్ర లెక్చరర్ గారు పేర్లన్నీ బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. దానివల్ల క్లాసంతా బాగుపడింది. హాస్టల్లో ఒడియా వంటమనిషి కూడా రమణ ఎదురైతే చేతులతో రకరకాల సైగలు చేసి పలకరించేవాడు. తెలుగు వంటిల్లు వేరే ఉందన్న సంగతి మరచిపోయి, "తిన్నావా?" అని పొట్ట తట్టి అడిగేవాడు.

కాలేజీ వార్షికోత్సవం దగ్గర పడింది. సరిహద్దు గొడవల వల్ల ఆ ఏడాది చర్చాపోటీ వద్దనుకున్నాం. బదులుగా మాక్ కోర్టు పెట్టాం. కేసు మనమే కల్పించి, పిల్లలే ప్లీడర్లుగా వాదించే నాటకం లాంటిది అది. జడ్జిగా ఊళ్లో పేరున్న వకీలు నరసింగరావు గారిని పిలిచాం. కేసు ఇదీ: గాలివానకు పొడంపేట జాలరి ఒకడి తెప్ప కొట్టుకుపోయి వేరే ఊరి ఒడ్డుకు చేరింది. అది దొరికినవాడు దాన్ని బాగుచేసుకుని వేటకు వెళుతున్నాడు. పోగొట్టుకున్నవాడు ఆలస్యంగా వచ్చి నాది నాకిమ్మన్నాడు. తెప్ప ఎవరిది?

తెప్ప పోగొట్టుకున్న వాది తరఫున మాట్లాడడానికి దండపాణి పేరిచ్చాడు. నాకు ఆశ్చర్యం వేసింది. వాడు నలుగురిలో నోరు విప్పే రకం కాదు.

"వాదన రమణ రాస్తాడండి. నేను సెప్తాను," అన్నాడు.

ఆ రోజు హాలు నిండిపోయింది. పురుషోత్తం గారు కూడా గంజాం నుంచి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. కోర్టు ఇంగ్లీషులో నడిచింది. దండపాణి మొదట తడబడ్డాడు, తరవాత నిలదొక్కుకున్నాడు. వాడు చెబుతున్న వాదనలో ఎక్కడా సందు లేదు. పోవడం వేరు, వదులుకోవడం వేరు. చెయ్యి జారినంత మాత్రాన హక్కు జారదు. బాగుచేసినవాడికి ఆ కష్టానికి తగ్గది ముట్టాలి, అంతేగాని తెప్ప దక్కకూడదు. లాజిక్ చెప్పేవాణ్ణి, నాకు ఒళ్లు పులకరించింది.

నరసింగరావు గారు ముందుకు వంగి, కాయితంలో లేని ప్రశ్న ఒకటి వేశారు. "మీ జాలరి అన్నాళ్లూ తెప్ప కోసం వెతకలేదే? వెతకనివాడు వదులుకున్నట్టే కదా?"

దండపాణి గతుక్కుమన్నాడు. హాల్లో గుసగుసలు లేచాయి. వాడు గబుక్కున పక్కకు తిరిగి, రమణ కళ్లలోకి చూస్తూ ఆ ప్రశ్నను పెదాలతో మళ్లీ పలికాడు. రమణ లేచి నిలబడ్డాడు. ఇది ఇంగ్లీషు కోర్టన్న సంగతి మరచిపోయాడు.

"అయ్యా, ఎతకడానికి తెప్ప కావాల! ఆడికున్న తెప్ప అదొక్కటేనండి. అది పోయాక సముద్రంలో ఏటి మీదెల్లి ఎతుకుతాడండి?"

గొంతు మరీ పెద్దదైపోయింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే మాటలో పదును తెలిసి ఆ నవ్వు ఆగింది. తరవాత చప్పట్లు మోగాయి. రమణకు అవి వినపడలేదు. ఎగిరిపడుతున్న చేతులు మాత్రం చూశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. పురుషోత్తం గారు చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని కొడుకునే చూస్తున్నారు.

నరసింగరావు గారు వాది తరఫున తీర్పు చెప్పి, కుర్చీ దిగి నేరుగా రమణ దగ్గరికి వచ్చారు. "ఎవరయ్యా ఈ వాదన రాసింది? నువ్వేనా?" అన్నారు. రమణ ఆయన ముఖంవైపే చూస్తున్నాడు. ఆయన మళ్లీ అడిగారు. రమణ నిస్సహాయంగా స్నేహితుడి వైపు చూశాడు.

దండపాణి చేతులు కట్టుకుని, "బాబూ, తప్పుగా అనుకోకండి. మీ మీసం అడ్డండి. ఆడికి పెదాలు కనపడాల," అన్నాడు.

ఊళ్లో ఆ మీసమంటే క్లయింట్లకు హడలు. నరసింగరావు గారు దండపాణిని ఎగాదిగా చూశారు. తరవాత రెండు వేళ్లతో మీసం పైకెత్తి పట్టుకుని, ఒక్కొక్క మాటే విడదీసి, "ఎవరయ్యా రాసింది?" అని అడిగారు. హాలంతా నవ్వులు. అందరికన్నా గట్టిగా నవ్వింది రమణే.

మర్నాడు ఆయన నన్ను తన ఆఫీసుకు పిలిపించారు. కోర్టులో మాట్లాడడం అందరూ చూస్తారు, కాని మా పనిలో సగం రాతే అన్నారు ఆయన. వాది తన కేసు రాసి కోర్టులో దాఖలు చేసేది ప్లెయింట్. దానికి ప్రతివాది ఇచ్చే జవాబు రిటన్ స్టేట్‌మెంట్. అందులో ఒక్క వాక్యం వదులుగా ఉన్నా కేసు అక్కడే జారిపోతుంది. "నాకు నోరుంది గాని ఓపిగ్గా కూర్చుని రాసే చెయ్యి లేదు. పరీక్ష అవగానే ఆ కుర్రాణ్ణి నా ఆఫీసుకు పంపండి. క్లయింట్లతో నేను మాట్లాడతాను, కాయితంతో అతను మాట్లాడతాడు," అన్నారు.

ఆ మాట పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. ఆయన విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఈ ఉద్యోగం మన జాబితాలో లేదే," అన్నారు. అంత సంతోషంగా ఆయన మాట్లాడగా నేను మళ్లీ వినలేదు.

రమణ పరీక్ష పాసై ఆ ఆఫీసులో చేరాడు. నల్లకోటు వేసుకోలేదు గాని, వాడు రాసిన కాయితాలు కోర్టులో చదువుతుంటే అవతలి ప్లీడర్లు ముందే జాగ్రత్త పడేవారట. పురుషోత్తం గారు బరంపురం వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవారు. కొడుకుతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, నోరంతా తెరిచి మాట్లాడడం ఆయన నేర్చుకున్నారు. ఆ అలవాటు ఎంతగా పట్టుకుందంటే నాతోనూ అలాగే మాట్లాడేవారు.

అయిదారేళ్ల తరవాత, ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యాక, దండపాణి నన్ను చూడడానికి వచ్చాడు. అస్కా దగ్గర ఒక హైస్కూల్లో మాస్టరు. మంచి మాస్టరని అప్పటికే నేను విని ఉన్నాను. ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్నది ఆ రోజు చెప్పాను. రమణ నిలబడ్డాడంటే అది నీ వల్లే, నీకు మేమంతా రుణపడ్డాం అన్నాను.

వాడు విస్తుపోయి చూశాడు. "అదేటండి మాస్టారూ, మీరు తిరగేసి సెప్తన్నారు," అన్నాడు. "నేను క్లాసులో నిద్రపోయేవాణ్నండి. ఆడికి సెప్పాలంటే ముందు నాకు అర్థమవ్వాల కదా. పెద్ద మాట అయితే ఆడికి అందదు, సిన్న మాటలు ఎతికి సెప్పీవాణ్ని. సెప్పాక ఆడి మొహం సూసి, అందిందా లేదా అని మళ్లీ సెప్పీవాణ్ని. ఇప్పుడు నా క్లాసులో నేను సేస్తన్నది అదేనండి. ఇంకేటీ లేదు."

కాలేజీ ఆ ఏడాదంతా ఒక్క కుర్రాడి దారి కోసం వెతికింది. ఆ కుర్రాడి పక్కనే కూర్చుని ఇంకొకడు తన జీవితపు పనికి తయారైపోయాడు. శనివారం పాఠాలు చెప్పే మాకు ఎవరికీ అది కనపడలేదు. చదువు చెప్పడమంటే ఏమిటో ఆ ఇద్దరు పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటుంటే, దగ్గరుండి చూసే భాగ్యం నాకు దక్కింది. ఆ తరవాత చాలా ఏళ్లు పాఠం చెప్పాను. బోర్డు వైపు తిరిగి మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు.