వియ్యపురాలికి పెట్టిన ఏసీ

మా వంశంలో ఇంతవరకు ఎవరూ ఇంటికి వచ్చిన వియ్యపురాలిని ఆవిరి మీద ఉడికించలేదు. ఆ పని చేసిన మొదటివాణ్ని నేనే. కోపంతో చేశానా అంటే కాదు. మర్యాద చేయబోయి చేశాను. కిటికీలు బిగించి, పరదాలు లాగి, వేడివేడి బజ్జీలు పెట్టి మరీ చేశాను. పదిహేడో ఏట నుంచి ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్న మనిషిని కాబట్టి, ఏ గంటకు ఆమెను ఎంతవరకు ఉడికించానో నిమిషాలతో సహా రాసి పెట్టుకున్నాను. ఆ పేజీ ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నాకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. మేడ్చల్‌లో మాది రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా ఉన్న స్లాబు ఇల్లు. పైన అంతస్తు లేదు, పక్కన నీడ లేదు. మే నెలలో మా ఇంట్లో పడుకున్నవాడికి పెనం మీద మూత పెట్టిన అట్టు పరిస్థితి బాగా అర్థమవుతుంది. మా ఒక్కగానొక్క కూతురు మాధవిని తొలి కాన్పుకు ఏడో నెలలో తీసుకొచ్చాం. తొమ్మిదో నెల వచ్చేసరికి మే నెల కూడా వచ్చింది. పిల్లకు కాళ్లు ఉబ్బాయి, కంటి మీద కునుకు లేదు. కూలరు పెడితే ఉక్క పెరుగుతోంది. "నిద్ర లేకపోతే కష్టం" అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది.

ఈ సంగతి మచ్చ బొల్లారంలో ఉన్న వియ్యపురాలు అండాళమ్మ గారికి తెలిసింది. ఫోన్ చేశారు.

"అన్నా, పిల్ల ఎండకు తాళలేకపోతాందంట గద. ఎల్లుండి వచ్చి జూస్త. మీ ఇంట్ల సల్లగుంటే సరే. లేకుంటె తోలుకపోత. ఏమనుకోకుండ్రి."

ఆ మాటలో పెత్తనం లేదు, భయమే ఉంది. మంచి మనిషి. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే నా భార్య సుశీల గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"నా కాన్పప్పుడు మా అమ్మ లేకపాయె," అంది. "అత్తగారింట్లనే కన్న. నొప్పులప్పుడు నెత్తి మీద చెయ్యి వెట్టెటోళ్లు నావోళ్లు ఒక్కరు లేకుండిరి. నా బిడ్డకన్న గట్ల కావద్దనుకున్న."

ఇరవై అయిదేళ్ల కాపురంలో ఆ మాట నాతో అనడం అదే మొదటిసారి. డైరీలో ఆ సాయంత్రం కింద ఒక్క వాక్యమే ఉంది: "ఇల్లు చల్లబడాలి."

మర్నాడు మా రోడ్డు మీద కూలర్లు, మోటార్లు బాగుచేసే జానీ భాయ్‌కి గోడు చెప్పుకున్నాను. గౌడవెల్లి వాడు, బంగారంలాంటి మనిషి. సాయంత్రానికల్లా ట్రాలీ ఆటోలో ఒక తెల్లటి యంత్రాన్ని దించాడు. నీళ్ల డ్రమ్మంత ఎత్తు, కింద నాలుగు చక్రాలు, వెనక ఏనుగు తొండంలాంటి మడతల పైపు.

"మా బామ్మర్ది దుబాయ్‌కెళ్లి తెచ్చిండు సార్. గోడకు బిగించేది కాదు, ఏ అర్రలకంటే ఆ అర్రలకు నడుస్తది. బిడ్డ కాన్పు అయ్యేదంక ఉంచుకోండ్రి. రేపు పగటీలి వచ్చి నేనే పెడత. అప్పటిదంక ముట్టకుండ్రి."

రేపు పగలు అంటే పన్నెండు. అండాళమ్మ గారు వచ్చేది పదికి. మీరే చెప్పండి, నేను ముట్టకుండా ఎలా ఉంటాను?

ఉదయం ఏడింటికే యంత్రం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి ఆలోచించాను. మా ఆఫీసులో కంప్యూటర్ల గదికి మాత్రమే ఏసీ ఉండేది. యంత్రం ఒకచోట ఉండేది, అక్కడి నుంచి రేకు గొట్టం చల్లగాలిని మోసుకొచ్చి ఇంకోచోట పోసేది. ఫైలు వంకతో వెళ్లి ఆ గొట్టం కింద నిలబడటం మా గుమాస్తాలందరికీ అలవాటు. అంటే ఏసీకి గొట్టం ఎందుకు? చల్లదనాన్ని దూరం పంపడానికి. ఇంత సులువైన సంగతికి మెకానిక్కు దేనికి? యంత్రం ముందు జాలీ నుంచి వచ్చే గాలి పడకగదికి, వెనక పైపు నుంచి వచ్చే గాలి ముందుగదికి. లోపల కూతురికి చలువ, బయట వియ్యపురాలికి చలువ. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

రెండు గదుల మధ్య తలుపు పైన వెంటిలేటరు ఉంది. స్టూలెక్కి దాని అద్దం తీసి, పైపు మూతి అందులోంచి ముందుగదిలోకి దూర్చి, చుట్టూ పాత చీర పేలికలు కుక్కాను. మూతికి సరిగ్గా ఎదురుగా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీ వేశాను. చలువ పారిపోకుండా ముందుగది కిటికీలు మూసి పరదాలు లాగాను.

"జానీ భాయ్ ముట్టొద్దన్నడు గద?" అంది సుశీల.

"ఆయన మెకానిక్కే. గని నేను గసొంటి గొట్టం కింద పదేండ్లు నిలవడ్డ."

స్విచ్చి వేశాను. ముందు జాలీ నుంచి కాసేపటికి హాయిగా చల్లగాలి మొదలైంది. స్విచ్చి వేసిన వెంటనే స్టూలెక్కి చూసినప్పుడు పైపు దగ్గర మామూలు గాలే వచ్చింది. దిగివచ్చి రాశాను: "పైపు వద్ద గాలి ఉంది, చలువ ఇంకా అందలేదు. ఎత్తు వలన ఆలస్యం కావచ్చును." మళ్లీ స్టూలెక్కి ఉంటే ఈ కథే లేదు.

అండాళమ్మ గారు పది గంటల అయిదు నిమిషాలకు వచ్చారు. ఎండలో ఆటో దిగి వచ్చారు. నేను ఎదురెళ్లి నమస్కారం పెట్టి, ఆ కుర్చీ చూపించి, "మా మాధవి ఇప్పుడే కండ్లు మూసింది. లేసెదంక మీరు సల్లగ కూసోండ్రి చెల్లెమ్మా," అన్నాను. వియ్యపురాలు కూర్చున్న గదిలో మగవాడు కాళ్లు చాపుకుని తిష్ఠ వేయడం మా ఇళ్లలో పద్ధతి కాదు. అందుకని పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, యంత్రం పక్కన స్టూలు వేసుకుని, థర్మామీటరు చేతబట్టి కాపలా కూర్చున్నాను. ముప్పై ఎనిమిది కాస్తా ముప్పై మూడైంది, ముప్పై ఒకటైంది. మాధవి పక్కకు ఒత్తిగిలి గాఢంగా నిద్రపోయింది. ఇటు ఇంత చల్లబడితే అటు కూడా అంతే అయి ఉంటుందని లెక్క వేసుకున్నాను.

తలుపు తెరిస్తే చలువ పోతుందని, గొంతు తగ్గించి తలుపు సందులోంచే అడిగాను.

"చెల్లెమ్మా, సల్లగుందా?"

కుర్చీ కిర్రుమంది. తర్వాత, "మంచిగనే ఉందన్నా."

"ఇంకింత పెంచాల్నా?"

"వద్దన్నా, వద్దు! ఇది సాలు!"

మొహమాటస్తురాలని తెలుసు కదా. ఒక నంబరు పెంచాను.

"సలి వెడితే చెప్పుండ్రి. సుశీల శాలువ ఇస్తది."

చల్లటి గదిలో వేడి బజ్జీలు బాగుంటాయని ముందే సుశీలకు పురమాయించి ఉన్నాను. ఆమె వంటింట్లో పొయ్యి దగ్గరి నుంచి మిరపకాయ బజ్జీలు, పొగలు కక్కే టీ తెచ్చి పెట్టింది. పది నిమిషాల తర్వాత తలుపు సందు దగ్గర గుసగుస.

"ఏమయ్యా, ముందటర్రల సల్లగ లేదు."

"నువ్వు పొయ్యి కాడికెళ్లి వచ్చినవ్. నీ పానం ఇంక వేడి మీదున్నది."

"వదినెకు సెమటలు గారుతున్నయి."

"నాలుగు మిరపకాయ బజ్జీలు తింటె ఎవలికైనా గారుతయి."

ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు ఉండటమే నా జీవితంలో పెద్ద అనర్థం. పదిగంటల యాభై అయిదుకు ఇలా రాసి ఉంది: "లోపల ఇరవై తొమ్మిది. అందరూ సుఖంగా ఉన్నారు."

పదకొండుంబావుకు ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అండాళమ్మ గారి గొంతు మారింది.

"వదినె, పిల్లను లేపు. బట్టలు సదురు. నేను ఆటో పిలుస్త."

నేను పెన్ను మూసి తలుపుకు చెవి ఆనించాను.

"అట్లంటరేంది వదినె, ఏసీ వెట్టినం గద..." అంది సుశీల.

"ఏసీ వెట్టినా గిట్లున్నదంటె, లోపట పిల్ల ఎట్లున్నదో! నాకు పానం గాబరైతాంది. నువ్వొకసారి గీ కుర్చీల కూసొని జూడు."

సుశీల కూర్చున్నట్టుంది. ఆ తర్వాత కొంగులో ముక్కు తుడుచుకున్న చప్పుడు వినపడింది. అది చెమటకు కాదని తలుపు ఇవతల ఉన్నా నాకు తెలిసింది.

సరిగ్గా అప్పుడే దేవుడు జానీ భాయ్‌ని ముప్పావు గంట ముందుగా పంపాడు. వీధి తలుపు తోసి ఒక అడుగు లోపల పెట్టి, రెండు అడుగులు వెనక్కి వేశాడట.

"యా అల్లా! ఇది అర్రనా, ఇటుక బట్టీనా?" తల పైకెత్తి చూశాడు. "సార్! ఓ సార్! బయటికి రాండ్రి. గీ పైపు ఈడెవలు వెట్టిండ్రు?"

తలుపు తీసి బయటికి వచ్చాను. రాగానే ముఖం మీద ఎవరో వేడి తువ్వాలు పరిచినట్టయింది. అండాళమ్మ గారు పూర్తిగా తడిసిపోయి ఉన్నారు. కుంకుమబొట్టు ముక్కు దాకా జారింది.

"సల్లది ముంగటికెళ్లి వస్తది సార్. లోపటి వేడంత పైపుకెళ్లి బయటికి పోవాలె, కిటికీల నుంచి," అన్నాడు జానీ భాయ్, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "మీరు బిడ్డ అర్రల వేడంత తీసి గీ అమ్మ నెత్తి మీద పోసిండ్రు."

ఆమె నా వంక చూడలేదు. నన్ను దాటి పడకగదిలోకి వెళ్లారు. మంచం దగ్గర ఆగిపోయారు. మాధవి నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని నిద్రపోతోంది. దుప్పటి కూడా కప్పుకుంది. మా ఇంట్లో, మే నెలలో, దుప్పటి!

"బంద్ జేస్త సార్, పైపు తీసి కిటికీకి పెడదాం జల్దీ," అన్నాడు జానీ భాయ్ వెనక నుంచి.

అండాళమ్మ గారు వేలు పెదవుల మీద పెట్టారు.

"బంద్ జెయ్యకు. పిల్ల లేస్తది."

"మరి వేడంత ముందటర్రలకే వస్తదమ్మా."

"రానియ్యి. మనం బయట కూసుందాం."

అలా నలుగురం వడగాలిలో వరండాలో కూర్చున్నాం, చేతికొక అట్టముక్క పట్టుకుని విసురుకుంటూ. నేను నేల చూపులు చూస్తూ, "చెల్లెమ్మా, గంట సేపు ఒక్క మాటన్న అనకపోతిరి," అన్నాను.

"ఏమనాలె అన్నా? మొదటిసారి ఏసీ వెట్టి మస్తు సంబురపడుతున్నరు. అండ్ల మీరు శాలువ గావాలా అని అడిగితిరి. నాకే ఏమన్న జ్వరమొచ్చిందేమో అనుకున్న!"

ముందు సుశీల నవ్వింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి. ఆపుకోలేక అండాళమ్మ గారి భుజం మీద తల వాల్చి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడ్చింది కూడా. ఆమె తల మీద చెయ్యి వేసి నిమురుతూ అండాళమ్మ గారు కూడా నవ్వారు. జానీ భాయ్ మర్యాద కోసం రోడ్డు వైపు తిరిగి నవ్వాడు.

ఒంటిగంటన్నరకు మాధవి కళ్లు నలుపుకుంటూ తలుపులో నిలబడింది.

"గిదేంది బాపూ? ఇంట్ల ఏసీ వెట్టుకొని అందరు ఎండల గూసున్నరు?"

నేను అట్టముక్క వెనక ముఖం దాచుకున్నాను. అండాళమ్మ గారు మాత్రం, "నిద్ర వట్టిందా బిడ్డా?" అని అడిగారు.

"మస్తు వట్టింది అత్తమ్మా."

"అయితే కాన్పు ఈడనే," అని ఆమె లేచి నిలబడ్డారు. సుశీల ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. "గని ఒక్క మాట వదినె. మీ ఇంటి మీద నాకు నమ్మకం కుదిరింది. గీ అన్న మీద మాత్రం కుదరలే. ఆ యంత్రం కాడికి ఈయనను రానియ్యొద్దు. కాపలాకు నేను గూడ కాన్పు అయ్యేదంక ఈడ్నే ఉంట."

ఉన్నారు. జానీ భాయ్ కిటికీకి పలక కోసి పైపు బయటికి పెట్టాడు. ముగ్గురు ఆడవాళ్లు పడకగదిలో దుప్పట్లు కప్పుకుని పడుకుంటే, నేను కాన్పు అయ్యేదాకా ముందుగదిలో ఫ్యాను కింద పడుకున్నాను. మనవరాలు పుట్టింది. నొప్పులప్పుడు మాధవి తల మీద ఒక చెయ్యి కాదు, రెండు చేతులు ఉన్నాయి: ఒకటి తల్లిది, ఒకటి అత్తది. పిల్లను చూడటానికి వచ్చిన ప్రతి బంధువుకూ అండాళమ్మ గారు పసిదాన్ని తర్వాత చూపించారు, ముందు నన్ను చూపించారు: "నన్ను ఉడకవెట్టింది గీ అన్ననే!"

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పైపు ఉన్న ఏ యంత్రం మా గడప తొక్కినా, తలుపులూ కిటికీలూ బిగించి, దాని మూతికి ఎదురుగా మొదటి గంట నేనే కూర్చుంటాను. ఆ గంట తర్వాత బతికి ఉంటే, అప్పుడు బంధువులను పిలుస్తాను.