ఏడో కుర్చీలో ఈల

లియోనా హ్రబోవ్స్కీ మా పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ మైదానంలో ముప్పై ఒక్క ఏళ్లు ఒకటే పని చేసింది. టికెట్ చూసి, ముందు నడిచి, గుడ్డతో కుర్చీ తుడిచి, "ఇప్పుడు కూర్చోండి" అనేది. తుడవందే మేయర్నయినా కూర్చోనిచ్చేది కాదు. అక్కడే వేరుశనక్కాయలు అమ్మే నన్ను, మెట్ల మీద ఒక్క తొక్క కనపడితే చాలు, ఏకిపారేసేది.

ఆమె ఏళ్లుగా కూర్చోబెట్టే పాత ప్రేక్షకుల్లో మొదటివాడు వాల్ట్ డుబిన్‌స్కీ, రిటైరైన బస్సు డ్రైవరు. మొదటి వరుసలో ఏడో కుర్చీ అతనిది. మా జట్టు పరుగు చేస్తే రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేవాడు. ముందు పన్ను లేదు కాబట్టి ఆ ఈల చివర్లో విరిగేది.

కోవిడ్ ఏడాది జనాన్ని రానివ్వలేదు. వాళ్ల ఫోటోలతో అట్టబొమ్మలు చేయించి కుర్చీల్లో నిలబెట్టారు. వాల్ట్ బొమ్మ కోసం అతని ఫోటో కూతురే పంపిందట. వేరుశనక్కాయలు కొనేవాళ్లు లేక నన్నూ ఆమెతో పాటు తుడిచే పనికే పెట్టారు. లియోనా ఆ బొమ్మల కిందా తుడిచింది.

"అట్టకి మురికేం అంటుతుంది? పిచ్చా నీకు?" అన్నాను.

"నోర్మూసుకో రీజిస్. వాళ్లొచ్చేసరికి శుభ్రంగా ఉండొద్దూ?"

మొదటి ఆటలో మావాడు పరుగు చేశాడు. స్పీకర్లలోంచి, పాత ఆటల్లో రికార్డు చేసిన జనం కేకలు లేచాయి. వాటి మధ్య ఒక ఈల. చివర్లో విరిగింది. లియోనా చెయ్యి ఆగిపోయింది. ఏడో కుర్చీలో అట్ట వాల్ట్ నవ్వుతూ గాలికి తల ఊపాడు. అబద్ధమెందుకు, నేను రెండడుగులు వెనక్కి వేశాను.

ఆ తర్వాత ప్రతి ఆటలోనూ అదే ఈల. లియోనా ఆ కుర్చీకి వీపు తిప్పడం మానేసింది.

"వాల్ట్ పోయాడు రీజిస్. పోయినవాళ్లే ఇలా పిలుస్తారు."

"రికార్డు అది! అనుమానముంటే ఫోన్ చెయ్యి."

"ఎత్తకపోతే?"

మరుసటి ఏప్రిల్లో గేట్లు తెరిచారు. నాలుగో వంతు మందినే రానిస్తామంటే, ఆ కాస్తా నిండలేదు. మైదానం బోసిగా వినపడకూడదని స్పీకర్లు అలాగే ఉంచారు. బొమ్మలు తీసేశారు. ఖాళీ ఏడో కుర్చీ మీదుగా ఈల వచ్చింది. ఇక ఉండలేక లియోనా ఫోన్ చేసింది. నాకూ వినపడేలా పెట్టింది, ఒంటరిగా వినడానికి భయమేసి.

"ఎవరూ?" ఏదో నములుతున్న గొంతు.

"వాల్ట్! బతికే ఉన్నావా!"

"చచ్చానని ఏ వెధవ చెప్పాడు? టొమాటో నారు పోసుకుంటున్నా."

"మరి రావేం? నీ కుర్చీ తుడవడానికి గుడ్డ చేతిలోనే ఉంది."

అటువైపు నమలడం ఆగింది.

"కోప్పడకు లియోనా. పోయినేడు టీవీలో రెండు ఆటలు చూశా. మూడోది మర్చిపోయా. తర్వాత మర్చిపోయానన్న సంగతే గుర్తు లేదు. బాధేస్తుందేమోనని చూశా. వెయ్యలేదు."

అంతలో మావాళ్లు పరుగు చేశారు. స్పీకర్లు హోరెత్తాయి. ఈల లేచి, చివర్లో విరిగింది.

"ఎవడిదా ఈల?" అన్నాడు వాల్ట్. "భలే వేస్తున్నాడే!"

లియోనా నా వైపు చూసింది. చచ్చిన మనిషిని చూసినట్టే ఉంది ఆ మొహం.

"ఎవరో పాతాయన," అని ఫోన్ పెట్టేసింది.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి, తుడవకుండానే ఏడో కుర్చీలో కూర్చుంది.