గంజి పెట్టిన జోడు పడవ

ఆ రోజుల్లో మా కొత్తవాడ నేతగాళ్ల ఇళ్లలో గంజి పారబోసిన మనిషిని కొంప తగలబెట్టిన మనిషిలా చూసేవాళ్లు. మగ్గానికెక్కే నూలుకు గంజి, కట్టుకునే చీరకు గంజి, మిగిలింది మా కడుపులకు. ఇప్పటి పిల్లలు కుక్కర్లో వండేసి, గంజి ఎటు పోయిందని కూడా అడగరు. (అడిగితే నేను చెప్పేదంతా వినాల్సి వస్తుందని భయం.) నేను బడికి వెళ్లింది మూడో తరగతి వరకే గానీ, గంజి పట్టించిన నూలు కర్రలా నిలబడుతుందని నాకెవరూ నేర్పనక్కర్లేదు. ఆ తెలివే మా మేనత్తను ముంచింది.

మేనత్త కొడుకు, అంటే మా బావ, రెండు తాటి దోనెలను పక్కపక్కన పెట్టి, వెదురు బొంగులు అడ్డంగా కట్టి జోడు పడవ చేశాడు. "నడుమ చెక్కలు గొడితె బరువైతదే. నవారు మంచం లెక్క అల్లియ్యి, ఎగిరి దుంకినా ఆపాలె," అన్నాడు నాతో. మగ్గం మీద మిగిలిన నూలు కొసలన్నీ పేని, పట్టీలు నేసి, రెండు దోనెల మధ్య అల్లాను. కాస్త వదులుగా అనిపిస్తే చిక్కటి గంజి పట్టించి ఎండబెట్టాను. డప్పులా మోగింది. ఎక్కి ఎగిరితే నన్ను పైకి విసిరింది! మేనత్త వచ్చి అరచేత్తో చరిచి చూసి, "మంచిగ బిగిచ్చినవ్ పో. రేపు చెరువుల నేనే ముందుగాల కూసుంట. నీ చేతిపని నిలిస్తె మావోనికి నిన్నే జేసుకుంట. లేకుంటె నర్సంపేట సంబంధం ఉండనే ఉన్నది," అంది. బావ వెదురు కట్లు మళ్లీ బిగించాడు. నేను ఇంకో పూత గంజి పట్టించాను.

మర్నాడు బావ నడుంలోతు నీళ్లలో నడుస్తూ పడవను తోశాడు. పైన పెళపెళలాడే గంజి చీరలో మేనత్త మహారాణిలా కూర్చుంది. పడవ వెనక తెల్లటి చార కనిపిస్తే, నీళ్లలో పాలెవరు పోశారా అనుకున్నాను. నా గంజి! అల్లిక ఉయ్యాలలా సాగిపోతోంది, మేనత్త మెల్లగా దిగిపోతోంది. ముఖంలో దర్జా అలాగే ఉంది, నడుము మాత్రం నీళ్లలో ఉంది. అంతలో "ఓరి నాయనో! నన్నెవడో గిచ్చుతాండురా!" అని చెరువంతా అదిరేలా కేక. గంజి రుచికి చేపలు ఎగబడ్డాయి! బావ గబగబా పడవను ఒడ్డుకు తోశాడు.

ఇక నర్సంపేట పిల్లే ఖాయమనుకుని గట్టు మీద కూలబడ్డాను. మేనత్త ఒడ్డుకొచ్చి, తడి చీరతోనే అల్లికను ముడి ముడీ తడిమింది. "సాగింది గని, నా బరువుకు ఒక్క పోగు తెగలే," అంది. సాగిన గుంటలో ఎగురుతున్న చేపలను చూసి, "పైగ కూర గూడ తెచ్చింది. ఏందే గట్ల గుడ్లు మిటకరిచ్చి జూస్తవ్? జర గిన్నె పట్టుకరా, కోడలా!" అంది.

మొన్న, కాలేజీలో చదివే మా మనుమరాలు ప్లాస్టిక్ డ్రమ్ములతో అలాంటిదే చేసి, నడుమ నైలాన్ వల బిగించింది. (కొని తెచ్చిందట! ఇంట్లో ఇన్ని పాత చీరలు ఉండగా!) అరచేత్తో చరిచి, "మంచిగ బిగిచ్చినవ్ పో," అన్నాను. అచ్చం మేనత్త గొంతే వచ్చేసరికి ఉలిక్కిపడ్డాను.

"అయితె ముందు నువ్వే కూసో, నానమ్మా," అంది పిల్ల.

నైలాన్‌కు గంజి లేదు, నాకు భయమూ లేదు. అయినా చెరువుకు బయలుదేరుతూ గిన్నె ఒకటి చంకన పెట్టుకున్నాను.