ఏడుపు సీనుకి వచ్చిన వకీలు తాతయ్య

నా చిన్నప్పుడు ఒక సినిమాలో ఏడ్చాను. ఎప్పుడైనా టీవీలో ఆ సినిమా వస్తే మా మనవరాలు "అమ్మమ్మా, ఎంత బాగా ఏడ్చావో!" అని మురిసిపోతుంది. బాగా ఏడవక ఏం చేస్తాను తల్లీ, మా అమ్మ చచ్చిపోయిందని చెప్పారు మరి!

మా నాన్న సినిమావాళ్లకు బట్టలు కుట్టేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్ గుట్ట కింద రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టారు. అప్పటికి అక్కడ ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక డైరెక్టరుగారు నాన్నతో ఏదో పనుండి ఇంటికొచ్చి, నన్ను చూసి, ఈ పిల్ల కళ్లు బాగున్నాయే అన్నారు. అంతే, మా అమ్మ కాళ్లు నేలమీద నిలవలేదు.

నాకిచ్చింది తల్లి శవం ముందు కూతురు ఏడ్చే సీను. గ్లిజరిన్ వేస్తే మంటకి కళ్లు గట్టిగా మూసేసుకున్నాను. ఇక తెరవనంటే తెరవను. ఇలాంటప్పుడు పిల్లల్ని ఏడిపించడానికి సెట్లలో ఒక అలవాటుండేది. కొందరు గిల్లేవాళ్లు. మా యూనిట్ వాళ్లు అంత మొరటువాళ్లు కాదు, పాపం మంచివాళ్లే, అడక్కుండానే బిస్కెట్లు పెట్టేవాళ్లు. అసిస్టెంటు ఒకాయన నా పక్కన గొంతుక్కూర్చుని, వెంగళరావు నగర్ దగ్గర ఆటో తిరగబడి మీ అమ్మ పోయిందమ్మా అని చెవిలో చెప్పాడు. నేను నేలమీద పడి దొర్లాను. కెమెరా తిరుగుతూనే ఉంది. కట్ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. లైటు స్టాండు వెనకనుంచి అమ్మ నవ్వుతూ వచ్చి నన్నెత్తుకుంది. ఆవిడకు ముందే చెప్పారట. ఒక్క షాటే కదా అని ఊరుకుందట.

ఆ రోజునుంచి అమ్మ కొంగు వదల్లేదు నేను. బడికి వెళ్లనని మొండికేశాను. పాల కోసం వీధి చివరికి వెళ్తున్నా వెనకాలే పరిగెత్తేదాన్ని. ఇప్పుడే వస్తానే అని అమ్మ అంటే ఆ మాట నమ్మబుద్ధి అయ్యేది కాదు. అమ్మ మాట నమ్మలేకపోవడమంత దరిద్రం ఇంకోటి లేదు. నేను ఆ దరిద్రంలో ఉండగానే కబురొచ్చింది, గురువారం ఇంకో ఏడుపు సీను ఉందని. అమ్మ సరేనంది. పని పోతుందని నాన్న నోరు మెదపలేదు.

మా ఎదురింట్లో వకీలు తాతయ్య ఉండేవారు. ఇక్కడి మనిషే. కోర్టుకు వెళ్లడం మానేసి, ఆదివారం పొద్దున్నే గుట్టమీది గుడి మండపంలో మా పిల్లలందరికీ శ్లోకాలు నేర్పేవారు. నోరు తిరిగితే పుట్నాలూ బెల్లం, తిరక్కపోతే తిట్లు. ఆ ఆదివారం అమ్మను కింద మెట్లమీద కూర్చోబెట్టి మరీ వెళ్లాను. అబద్ధం చెబితే దేవుడు మెచ్చడని ఆయన చెబుతుంటే నేను లేచి నిలబడ్డాను. మరి అబద్ధం చెబితే వాళ్లంతా చప్పట్లు కొట్టారేంటి తాతయ్యా అని అడిగాను. ఆయన మిగతా పిల్లల్ని పంపించేసి నాతో అంతా చెప్పించుకున్నారు. విన్నాక కళ్లజోడు తుడిచి పెట్టుకుని, "గురువారం నేను గూడ వస్త బిడ్డా. ఫికర్ చెయ్యకు" అన్నారు.

అన్నట్టే వచ్చారు. మండుటెండలో నల్లకోటు వేసుకుని, చంకలో అట్ట వేసిన లావుపాటి పుస్తకంతో! కలరా ఉండల వాసన గుప్పుమంది. నేరుగా పోయి కెమెరా పక్కన కుర్చీలో కూర్చున్నారు. సెట్లో వాళ్లంతా హడలిపోయారు. కోర్టు నోటీసు వచ్చిందనుకున్నారు కాబోలు, అడక్కుండానే మజ్జిగ వచ్చింది, కూల్‌డ్రింకూ వచ్చింది. డైరెక్టరుగారు చేతులు కట్టుకుని, ఏం పనిమీద వచ్చారండీ అని అడిగారు.

"ఏం లేదు నాయనా, పిల్లకు తోడొచ్చిన. మొన్న దాని చెవుల ఏదో చెప్పిండ్రట గదా, గా మాట ఇయ్యాల జర నా ముందట చెప్పుండ్రి. రాసుకుంట" అని తాతయ్య పెన్ను తీశారు. అసిస్టెంటు మళ్లీ సాయంత్రం దాకా కనబడితే ఒట్టు.

అప్పుడు తాతయ్య నన్ను దగ్గరికి పిలిచి, అంతమందిలోనూ అడిగారు, ఈ సీను చేయడం నీకిష్టమేనా అని. అంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. అమ్మ వైపు చూశాను. ఆవిడ తల దించుకుంది. వద్దు అన్నాను. కొడతారేమోనని భుజాలు బిగించుకున్నాను కూడా. డైరెక్టరుగారు తల గోక్కుని, సరే, పిల్లని కెమెరాకి వీపు పెట్టి కూర్చోబెట్టండి, ఏడుపు డబ్బింగులో చూసుకుందాం అన్నారు. ఓస్, ఇంతేనా అనిపించింది నాకు.

ఇంటికి నడిచొస్తూ ఆ పుస్తకం లాక్కుని తెరిచాను. అది చట్టం పుస్తకం కానే కాదు. మా శ్లోకాల పుస్తకం!

"సినిమా పిల్లలకు చట్టం ఇంకా రాలే బిడ్డా. వచ్చేదాంక పెద్దోళ్లే గిట్ల పోయి కూసోవాలె" అన్నారు తాతయ్య. మరి మీరూ మోసం చేశారుగా అన్నాను. ఆయన నడిరోడ్డుమీద ఆగిపోయి, చేసిన బిడ్డా అని ఒప్పుకుని, నా ఎదుటే రెండు లెంపలూ వేసుకున్నారు. అంత పెద్దాయన!

వెనకాల వస్తున్న అమ్మ అది చూసి అక్కడే రోడ్డు పక్కన కూలబడింది. నన్ను ఒళ్లోకి లాక్కుని, తప్పయిపోయింది తల్లీ, ఇంకెప్పుడూ నీతో అబద్ధం చెప్పను అని వెక్కివెక్కి ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, నేను వెంటనే నమ్మలేదు. మళ్లీ బడికి వెళ్లడానికి నెల పట్టింది. ఆ నెలంతా అమ్మ గడప దాటినప్పుడల్లా ఎక్కడికి వెళ్తోందో, ఎప్పుడొస్తుందో చెప్పేది. చెప్పిన వేళకి వచ్చేది.

ఇప్పుడు చట్టం వచ్చింది. సినిమాలో పిల్లలు చేయాలంటే కలెక్టరాఫీసు అనుమతి కావాలి, వాళ్ల మంచిచెడ్డలు చూసే పెద్దమనిషి ఒకరు సెట్లో ఉండాలి, ఇష్టం లేకుండా చేయించకూడదు. నన్ను ఆ పెద్దమనిషి పనికి పిలుస్తుంటారు. కన్నవాళ్ల సంతకాలన్నీ సరిగ్గానే ఉంటాయి. అయినా నేను పిల్లని పక్కకి తీసుకెళ్లి విడిగా అడుగుతాను. మొన్నొక పాప, వద్దంటే మా అమ్మ కోప్పడుతుందండీ అంది. ఆ పూట షూటింగుకి సరేనని నేను సంతకం పెట్టలేదు. ఏమనుకుంటే అనుకోనీ.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆపరేషనుకి తీసుకెళ్తుంటే చుట్టూ అందరూ ఏం కాదు, ఏం కాదు అంటున్నారు. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "లోపలికి వెళ్తున్నానమ్మా. వస్తానో రానో తెలీదు" అంది. రాలేదు. కానీ అన్ని మాటల్లో నేను నమ్మింది ఆ ఒక్క మాటనే, నాకు ధైర్యమిచ్చిందీ అదే. అందుకే ఎంత చిన్నపిల్లలు అడిగినా సరే, నాకు తెలియనిదాన్ని తెలియదనే చెబుతాను.