చెంగమ్మ నడుం వాల్చిన పూట

చెంగమ్మను కూర్చోబెట్టి మాట్లాడినవాళ్ళు పుంగనూరులో ఒక్కరూ లేరు. ఆమెతో మాట్లాడాలంటే వెంట నడవాలి, అదీ గబగబా. తెల్లవారుజామునే పాలకేంద్రానికి పోయి క్యాన్లు కడుగుతుంది, అది నెలజీతం ఉద్యోగం. ఇంటికొచ్చి వాకిలి ఊడుస్తుంది. కాసేపటికి ఏమనుకుంటుందో ఏమో, ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడుస్తుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. ఇప్పుడొచ్చే బియ్యంలో రాళ్ళెక్కడివే అని ఆటో నడిపే మొగుడు మారప్ప అంటే, "లేవని సూడకుండా ఎట్ల తెలుస్తాది?" అంటుంది. చెప్పొద్దూ, చూసేవాళ్ళకే ఆయాసం వస్తుంది.

ఇక పగటిపూట పడుకోవడమా! ఆ మాట ఆ ఇంట్లో అనకూడదు. పట్టపగలు నడుం వాల్చే ఆడది రోగిష్టిదైనా అయివుండాలి, ఇంటిమీద ధ్యాస లేనిదైనా అయివుండాలి. మూడోరకం మనిషి ఉంటుందని చెంగమ్మ ఒప్పుకోదు. అందులోనూ ఒకరు పని చేస్తుంటే పక్కన ఇంకొకరు పడుకోవడం మరీ అప్రదిష్ట. తనకు జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని కూర్చుంటుందే గానీ చాప పరచదు. కూతురు మేఘననూ అట్లాగే పెంచింది. ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల పుస్తకం పట్టుకుని కాస్త ఒరిగితే చాలు, వాకిలి ఊడ్చే పొరక చేతపట్టుకుని వచ్చి, "ఏమి పాపా, ఒంట్లో బాగలేదా?" అనేది. తిట్టినా బాగుండేది. ఆ ఒక్క మాటకే పిల్ల ఉలిక్కిపడి లేచి ఏదో ఒక పని అందుకునేది.

ఆ పిల్లే ఇప్పుడు విమానంలో ఉద్యోగం చేస్తోంది. కుప్పంలో అమ్మమ్మగారింట ఉండి డిగ్రీ చదివింది. అక్కడి నుంచే రైలెక్కి బెంగళూరు పోయి ఇంటర్వ్యూలో నెగ్గింది. మూడేళ్ళుగా చిన్న విమానాల్లో తిరుగుతోంది. ఎక్కినవాళ్ళకు నీళ్ళిచ్చి, టిఫిన్ పెట్టి, ఖాళీ డబ్బాలు ఏరుకునేలోపే అవి దిగిపోతాయి. ఈ ఏడు ఆమె సంస్థ చాలా దూరాలు ఎగరగల కొత్త విమానం ఒకటి తెప్పించింది. బెంగళూరులో ఎక్కితే మధ్యలో ఎక్కడా ఆగేది లేదు, దిగేది లేదు, పదిహేడు గంటలు ఎగిరి నేరుగా టొరంటోలో దిగడమే. దానికి ఎంపిక చేసిన కొద్దిమందిలో మేఘన ఉంది. ఆ సంగతి చెంగమ్మ వీధి మొదలు నుంచి చివరిదాకా నడుస్తూనే అందరికీ చెప్పేసింది.

అట్లాంటిది, మేఘన ఒకరోజు ముందుగా చెప్పకుండానే ఇంటికొచ్చింది. వచ్చినప్పటి నుంచి కుదురు లేదు. లోపలికి పోతుంది, బయటికొస్తుంది, ఫోన్ చూసి పక్కన పడేస్తుంది. చివరికి దొడ్లో కూర్చుని గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. చెంగమ్మ కాసేపు చూసింది. అవి పొద్దున్నే తాను తోమి బోర్లించిన గిన్నెలు.

"ఏమయింది పాపా?"

"ఏమీ లేదు మా."

"ఏమీ లేకపోతే తోమిన గిన్నె యాల తోముతాండావు?"

మేఘన చెయ్యి ఆగింది. గిన్నె కింద పెట్టి, ఏడుపు ఆపుకుంటూ సంగతంతా చెప్పుకొచ్చింది.

అంత పొడుగు ప్రయాణంలో పనివాళ్ళందరూ ఒకేసారి పనిచేయరట. విమానం వెనకవైపు, కప్పు దగ్గర, కిటికీలు లేని ఇరుకు గది ఉందట. అందులో పడకలు. సగంమంది కింద పనిచేస్తుంటే సగంమంది పైకిపోయి పడుకోవాలి. పడుకోవడం వాళ్ళిష్టం కాదు, అది కూడా డ్యూటీయే. సంస్థ తన మనుషులనే ప్రయాణికులుగా ఎక్కించుకుని ఒకసారి పరీక్షకు ఎగిరింది. మేఘన వంతు వచ్చింది. పోయి పడుకుంది. కింద ట్రేల చప్పుడు, బండి చక్రాల చప్పుడు. తనతో జతగా పనిచేసే భార్గవి ఒక్కతే అవస్థ పడుతోందని తోచింది. అంతే, దిగొచ్చి ట్రేలు సర్దడం మొదలుపెట్టింది. పరీక్ష చూస్తున్న రాజగోపాల్ సార్ పైకి పంపించాడు. ఇంకాసేపటికి మళ్ళీ దిగింది. మళ్ళీ పంపించాడు. పైన కూర్చునే ఉంది గానీ వెన్ను వాల్చలేదు.

"దిగినాక పిలిచినాడు మా. 'పదిహేనో గంటలో ఏదైనా ప్రమాదమొస్తే తలుపు తీయాల్సింది నువ్వు. నిద్రలేని చేతులతో తీస్తావా? మూడొందల మంది ప్రాణాలమ్మా' అన్నాడు. వచ్చే పరీక్షలో కూడా దిగితే ఇంక చిన్న విమానాలకే పొమ్మన్నాడు."

చెంగమ్మకు ఒళ్ళు మండిపోయింది. "పని చేసినందుకు తిట్టినాడా? వాని నోట్లో మన్ను పడ! యాడైనా పనిదొంగల్ని తిడతారు గానీ!"

"ఆయన్ని అనొద్దు మా, ఆయన చెప్పింది నిజమే. నాకే చేత కాలేదు." మేఘన తల వంచుకుంది. "కన్ను మూస్తే నువ్వు కనిపిస్తాండావు. పొరక పట్టుకోని వచ్చి, ఒంట్లో బాగలేదా అంటాండావు."

చెంగమ్మ గిర్రున తిరిగి ఇంట్లోకి పోయి, నీళ్ళచెంబు తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.

కూతురికి ఎన్నడూ చెప్పని మాట ఒకటి ఆమె కడుపులో ఉంది. పెళ్ళయిన కొత్తలో మదనపల్లె టమోటా మండీలో కూలికి పోయేది. పొద్దుగూకులూ వంగి కాయలు ఏరడమే పని. మేఘన కడుపులో ఉన్నప్పుడు ఒకనాడు కళ్ళు తిరిగితే గోనెపట్టల మీద ఒరిగింది. ఎంతసేపు, నాలుగు ఊపిర్లు తీసినంతసేపు. మేస్త్రీ వచ్చి పక్కనున్న ఖాళీ బుట్టను కాలితో తన్నాడు. "నిద్రపోయేటోళ్ళకు మీ ఇండ్లు లేవా? రేపట్నుంచి రావద్దు" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చూస్తుండగానే అన్నాడు. ఆ సిగ్గు ఈనాటికీ ఆరలేదు. అప్పటి నుంచి పగలు ఆమె వెన్ను నేలకు తగల్లేదు. ఆ మేస్త్రీ ఎప్పుడో చచ్చిపోయాడు గానీ, వాడి మాట తన నోటితో బిడ్డకు తానే అందించింది. ఆ సంగతి చెంగమ్మకు ఇప్పుడు తెలిసొచ్చింది.

మళ్ళీ దొడ్లోకొచ్చింది. మండీ కథంతా చెప్పింది, నిలబడే చెప్పింది. చెప్పి, "ఈసారి నీ వంతు ఎప్పుడొస్తాది?" అంది.

"గురువారం. మన టైము ప్రకారం పగలు పది నుంచి రెండు దాకా."

"అట్లయితే ఆ పొద్దు నేనూ పండుకుంటా. నువ్వు ఆడ, నేను ఈడ. నేనే పండుకోనుంటే పొరక పట్టుకోని ఎవురొస్తారు?"

మేఘనకు అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. "నువ్వా? ఐదు నిమిషాలు ఉండలేవు."

"నీ మీద ఒట్టు" అని చెంగమ్మ కూతురి నెత్తిన చెయ్యి పెట్టింది. పెట్టాక భయమేసింది. ఒట్టు ఒట్టే. ఇక్కడ తాను లేస్తే అక్కడ బిడ్డ లేస్తుంది, బిడ్డ లేస్తే ఆ విమానం బిడ్డకు దక్కదు. చెంగమ్మ మనసులో అది రాయిలాగా కూర్చుండిపోయింది.

గురువారం రానే వచ్చింది. చెంగమ్మ పాలకేంద్రం నుంచి పరుగున వచ్చి, పది కాకముందే వంటింటి పనంతా తెమిల్చి, నడిమింట్లో చాప పరిచింది. తలుపు వేస్తే ఏమయిందోనని జనం కొట్టి మరీ లేపుతారని తెరిచే పెట్టింది. పడుకుంది. కప్పు చూసింది. మూలన బూజు కనిపించింది. ఇన్నాళ్ళూ ఎట్లా కనిపించలేదబ్బా అనుకుంది. కాలు దానంతటదే మడుచుకుంది. చాపుకుంది. ఎడమపక్కకు తిరిగితే గడప కింద దుమ్ము, కుడిపక్కకు తిరిగితే మంచం కింద మారప్ప చెప్పు. కళ్ళు మూసుకుంటే మేస్త్రీ.

అంతలో వీధిలో కేక. "చెంగమ్మా! నీళ్ళొచ్చె! కొళాయి నీళ్ళొచ్చె!"

చూడండి దాని తమాషా! వారానికొకసారి వచ్చే నీళ్ళు, ఆ వారంలో ఏ పొద్దయినా రావచ్చు కదా, సరిగ్గా ఆ పూటే వచ్చాయి. వీధంతా బిందెల మోత. చెంగమ్మ మోచేతుల మీద సగం లేచింది. బిడ్డ గుర్తొచ్చి దబ్బున వెనక్కి పడింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

పిలిచి పిలిచి విసుగొచ్చి, పక్కింటి కిరాణా అంగడి ఇందిరమ్మ లోపలికొచ్చింది. చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో! ఏమయిందే చెంగమ్మా?"

"ఏమీ కాలేదక్కా. పండుకోనుండాను."

"పండుకోనుండావా! యాల?"

"ఊరికే."

ఊరికే అన్న మాట ఇందిరమ్మను మరీ బెదరగొట్టింది. గడియలో ఆడవాళ్ళందరూ గడపలో మూగారు. ఒకామె నుదురు ముట్టుకుంది, ఒకామె మాత్ర తెచ్చింది, ఇంకొకామె మారప్పకు ఫోన్ కొట్టింది. అతను ఆటోలో ఉన్నవాళ్ళను బస్టాండులోనే దించేసి వచ్చాడు. ఒట్టు సంగతి అతనికి తెలుసు గానీ, ఇంతసేపు నిలుస్తుందని కలలో కూడా అనుకోలేదు. భార్య మొహం చూశాడు. జనాన్ని పంపేసి, బిందెలు తీసుకుని కొళాయి దగ్గరికి పోయాడు.

అదీ ఒక శిక్షే. బిందె కడగకుండానే పడుతున్నాడని చప్పుడును బట్టి ఆమెకు తెలుస్తోంది. తాగేనీళ్ళ బిందెలో వాడుకనీళ్ళు పోస్తున్నాడు, దోవంతా ఒలకబోస్తున్నాడు. అరవాలని నోటిదాకా వచ్చింది. "పోసుకోనీ" అని తనకు తానే చెప్పుకుంది. బుట్ట తన్నిన కాలు మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. ఈసారి చెంగమ్మ కళ్ళు తెరవలేదు. "పండుకోనుండాను రా. ఏం జేస్తావో సెయ్" అని పైకే అనేసింది. ఆ మాటతో ఒంట్లో ఎక్కడో బిగుసుకున్నది వదిలింది. నడుం చాపకు పూర్తిగా ఆనింది. కన్నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు.

కళ్ళు తెరిచేసరికి ఇంట్లో దీపం వెలుగుతోంది. మారప్ప పొయ్యి ముందు నిలబడి అన్నం మాడుస్తున్నాడు. లేచి నాలుగు మాటలు అనబోతుంటే ఫోన్ మోగింది.

"మా, దిగినాము."

"పండుకొన్యా పాపా?"

"పండుకొన్నా మా. నిద్ర రాలేదు. రెండుసార్లు లేయబోయినా. నువ్వు ఆడ పండుకోనుంటావు గదా అని అట్లే ఉండిపోయినా. చివర్లో కొంచెం కన్ను పట్టింది. దిగేటప్పుడు సార్ నన్ను చూసి నవ్వినాడు. జనాన్ని ఎక్కించుకోని పోయే మొదటి ప్రయాణంలో నా పేరు ఉండాది." ఆగి, "నిజం చెప్పు మా. నువ్వు పండుకొన్యా?"

చెంగమ్మ సిగ్గుపడింది. "నీళ్ళొచ్చినా లేయలేదు."

పుంగనూరులో పుట్టి పెరిగిన పిల్లకు ఆ మాటకు అర్థం ఒకరు చెప్పాలా! "నీళ్ళొచ్చినా మా?" అని మళ్ళీ అడిగింది.

"ఆఁ. మీ నాయన పట్టినాడు, ఇల్లంతా తడిపి పెట్టినాడు." చెంగమ్మ ముక్కు చీదుకుంది. చాప చుట్టబోయి, చుట్టకుండా మళ్ళీ దాని మీదే కూర్చుంది. "అది సరే గానీ పాపా, తిరుగొచ్చేటప్పుడు నీ వంతు ఎన్నింటికి? ముందే చెప్పు. నేను పండుకోవల్ల గదా."