పిన్ని సీను, ప్లస్ డిస్కు

దుకాణంలో ఎవరైనా సలహా చెబితే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు కొంచెం తగ్గింది గానీ, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే రోజుల్లో మరీ ఎక్కువగా ఉండేది. పొద్దున ఏడింటి బ్యాచ్ నుంచి సాయంత్రం దాకా క్లాసు నిండా జనం నా మాటలు రాసుకుంటుంటే, కౌంటర్ వెనకాల నిలబడ్డవాడు నాకు చెప్పేదేమిటి అనిపించేది. మా అమ్మ దీనికి ఒకటే మాట అనేది, "అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందట" అని. ఆ సామెత రెండో సగం ఎప్పుడూ చెప్పేది కాదు.

ఆ రోజుల్లోనే మా పిన్నికి, అంటే అమ్మ చెల్లెలికి, ఒక టీవీ సీరియల్లో మాటలున్న వేషం దొరికింది. పిన్ని కృష్ణానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. పన్నెండేళ్ళుగా జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీన్లలో పేరంటాలు, ఆసుపత్రి సీన్లలో పేషెంటు, బజారు సీన్లలో కూరగాయలు బేరమాడే మనిషి. నోరు కదిపేది గానీ మాట వినిపించేది కాదు. ఈసారి ఇంటి ఓనరు వేషం. ఒకటిన్నర నిమిషం సీను, ఆరు డైలాగులు. "ఇల్లు ఖాళీ చెయ్యమని నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి చెప్పను, తాళం వేస్తాను" అనేది అందులో ఆఖరిది. అది ఎలా అనాలో పిన్నికి ఎవరూ నేర్పక్కర్లేదు. అద్దె ఇళ్ళలో తనే చాలాసార్లు విన్నది.

పిన్నికి కావలసింది ఆ సీను టీవీలో రావడం ఒక్కటే కాదు, అది తన చేతిలో ఉండటం. శ్రీనగర్ కాలనీలో సీరియళ్ళు తీసే ఆఫీసులకు వెళితే ముందు అడిగేది "చేసింది ఏదైనా డిస్కు ఉందామ్మా?" అని. ఫొటోలు పట్టుకెళ్ళిన వాళ్ళను గేటు దగ్గరే పంపించేసేవాళ్ళు.

"మళ్ళీ మాటలున్న వేషం ఎప్పుడొస్తుందో తెలీదురా. ఎవరి ప్లేయర్‌లో పెట్టినా ఆడాలి. అదొక్కటీ చూడు" అంది పిన్ని.

"నాకొదిలెయ్" అన్నాను.

టీవీలో వచ్చేది రాసుకునే డీవీడీ రికార్డర్ ఒకటి ఇంట్లో ఎలాగూ కొనాలనుకుంటున్నాం. సాయంత్రం క్లాసులయ్యాక మూడు రోజులు తిరిగాను. అప్పట్లో డిస్కుల్లో ప్లస్ అని ఒక రకం, మైనస్ అని ఒక రకం ఉండేవి. చూడటానికి రెండూ ఒకటే, డబ్బా మీద గుర్తే తేడా. ఒక మిషను ప్లస్ మాత్రమే తీసుకునేది, ఇంకొకటి మైనస్ మాత్రమే. రెండూ తీసుకునే మిషను పంజాగుట్టలో ఒక కొట్లో దొరికింది. దాని గురించి పేచీ రాలేదు. డిస్కుల దగ్గర వచ్చింది.

"అన్నా, మైనస్ తీస్కో. పాత ప్లేయర్లల్ల సుత నడుస్తది" అన్నాడు కొట్టతను.

"ప్లస్సే కొత్తది. అదే ఇవ్వండి."

"కొత్తదే గానీ కొన్నిట్ల పట్టది. జర సోంచాయించు."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ప్లస్ ఎందుకు మేలో ఒక పత్రికలో చదివాను. అదంతా అతనికి నిలబెట్టి క్లాసు చెప్పాను. అతను ఓపిగ్గా విని బిల్లు రాశాడు. కవరు అందిస్తూ, "రికార్డింగ్ అయినంక లాస్ట్‌ల ఫైనలైజ్ జెయ్యాలె అన్నా. గది జెయ్యకుంటే నీ మిషిన్ల తప్ప యాడ నడ్వది" అన్నాడు.

"తెలుసు భాయ్, నేను చెప్పేది కంప్యూటర్లే" అని మెట్లు దిగేశాను. నాకు తెలిసింది సగమే. ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీద డిస్కు రాస్తే ఆ ముగింపు పని అదే చేసుకునేది. ఇదీ అంతే అనుకున్నాను.

మా ఇంట్లో ఏ కొత్త వస్తువు వచ్చినా అమ్మ దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. బిల్లు, వారంటీ కార్డు, వాడే పద్ధతి రాసిన పుస్తకం పూజగదిలో పటాల వెనక పెడుతుంది. ఫ్రిజ్జు పుస్తకం, మిక్సీ పుస్తకం అన్నీ అక్కడే ఉంటాయి. ఒకసారి లోపలికి వెళ్ళాక వాటిని ఎవరూ చదవరు, రోజూ అగరుబత్తి పొగ మాత్రం తగులుతుంది. "చదివి ఇస్తావా?" అని అమ్మ అడిగింది. అక్కర్లేదన్నాను. రికార్డర్ పుస్తకం అట్ట మీద కూడా బొట్టు పడింది.

సీను వచ్చే మధ్యాహ్నం సెలవు పెట్టాను. పిన్ని నేల మీద కూర్చుని తనను తాను చూసుకుంది. రికార్డయ్యాక మళ్ళీ పెట్టి చూశాం. అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. డిస్కు మీద స్కెచ్ పెన్నుతో పిన్ని పేరు రాసి ఇచ్చాను. పిన్ని దాన్ని చీర మడతలో పెట్టి సంచిలో దాచుకుంది.

తర్వాత రెండు నెలలు పిన్ని ఆఫీసులు తిరిగింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా "బాగుందన్నార్రా" అనేది. ఏడాది లోపల రెండు సీరియళ్ళలో వేషాలు వచ్చాయి, ఒకదాంట్లో పక్కింటావిడ, ఒకదాంట్లో హాస్టల్ వార్డెన్. ఆ తర్వాత పెద్దగా ఏమీ రాలేదు. వచ్చిన రెండూ నా డిస్కు పుణ్యమేనని చుట్టాలందరికీ చెప్పాను. ప్లస్ తీసుకోబట్టే అని కూడా చెప్పాను.

మొన్న పాత సామాన్లు ఇచ్చేద్దామని రికార్డర్ బయటికి తీశాను. అమ్మ పూజగదిలోంచి దాని పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఊరికే తిప్పుతుంటే, చుట్టూ గీత గీసిన గడిలో లావు అక్షరాలతో ఒక పేజీ కనిపించింది. ఫైనలైజ్ బటన్ నొక్కకపోతే ఈ డిస్కు వేరే ప్లేయర్లలో ఆడదు. ప్లస్ అయినా అంతే, మైనస్ అయినా అంతే. చదవగానే తల కొట్టేసినట్టయింది.

పిన్నికి ఫోన్ చేసి డిస్కు తీసుకుని రమ్మన్నాను. వచ్చింది. మిషన్‌లో పెడితే, ఫైనలైజ్ కాలేదనే చూపించింది.

"పిన్నీ, ఇది ఆఫీసుల్లో ఆడిందా?"

"ఒక్కచోటా ఆడలేదురా."

"మరి బాగుందన్నారన్నావు?"

"రెండు చోట్ల, 'పోనీ ఎలా చేశావో చేసి చూపించమ్మా' అన్నారు. అక్కడే నిలబడి చేశాను. బాగుందన్నారు. ఆ రెండు వేషాలే వచ్చినయి."

"మిగతా చోట్ల?"

"ఐదు చోట్ల డిస్కు ఆడట్లేదని తీసి ఇచ్చేశారు. వాళ్ళకు మాత్రం టైమెక్కడుంటుంది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ కోపం తెలీదా నాకు? కొట్టతని మీదకు గొడవకు పోతావని. పాపం అతనేం చేశాడు?"

అతనేం చేశాడో పిన్నికి చెప్పాను. మెట్ల దగ్గర నేనన్న మాట కూడా చెప్పాను. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఐదు ఆఫీసుల్లో ఏ ఒక్కటైనా పిన్నిని పిలిచి ఉండేదేమో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

పిన్ని మిషను దగ్గరకు జరిగింది. "సరే, ఇప్పుడు చెయ్యి. చూస్తాను" అంది.

పుస్తకం చూసి బటన్ నొక్కాను. రెండు మూడు నిమిషాలు మిషను గుర్రుమని, పూర్తయిందని చూపించింది.

"ఇంతేనా?" అంది పిన్ని.

"ఇంతే" అన్నాను.