అవ్వకు దండ తెచ్చిన ప్రాజెక్టు

బతికున్న మా అవ్వకు పూలదండ తెప్పించిన ఘనత నాది. అదీ ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే. నవ్వకండి, దానికి నాకు మార్కులు కూడా పడ్డాయి.

పెనుకొండ దగ్గర మా కాలేజీలో డిజైన్ కోర్సు ఒకటి ఉండేది. ముగ్గురు జట్టుగా చేరి ఒక మనిషి కష్టం కనుక్కోవాలి, ఆ మనిషినే అడిగి ఫారం నింపాలి, తర్వాత పరికరం చేయాలి. హిందూపురం సుమ, సోమందేపల్లి రమేశ, ధర్మవరం నేను ఒక జట్టు. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. ఇంకేం, కష్టం ఇంట్లోనే దొరికింది. క్లాసు కిటికీలోంచి కొండ మీది మబ్బులు చూస్తూ కలగన్నాను: ధర్మవరం మగ్గాలన్నీ చప్పుడు లేకుండా ఆడుతున్నాయి, పట్టుపోగులు నీళ్లలా జారుతున్నాయి, నాయన మొహం చల్లగా ఉంది. ఆ టకటక లేక హాస్టల్లో నాకే నిద్ర పట్టడం లేదన్న సంగతి మాత్రం ఆ కలలోకి రాలేదు.

"మీ నాయన్ని అడిగినావా?" అంది సుమ, ఫారం పట్టుకుని.

"మా నాయన సంగతి నాకు తెల్దా? చప్పుడుతో శానా ఇబ్బంది పడతాండాడని రాయి."

రాసేసింది. రమేశ హైవే పక్క పంచరు అంగడి నుంచి పాత ట్యూబులు మోసుకొచ్చాడు. సార్ చూడ్డానికి వచ్చే రోజు పొద్దున, మా ఇంటి మగ్గంలో, పోగును అటూ ఇటూ మోసే నాడె వచ్చి కొట్టుకునే చోటల్లా రబ్బరు అతికించాం.

"ఏమప్పా ఇది? నేసినట్టే లేదే" అన్నాడు నాయన. అయినా నా కోసం నేస్తూ కూర్చున్నాడు.

ఎంత హాయిగా ఉందో! చూరులో పిచ్చుక రెక్క విదిలిస్తే వినబడింది. కాసేపటికి ఎదురింటి మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. వీధి చివరిదీ ఆగింది. నా పరికరానికి గౌరవంగా మౌనం పాటిస్తున్నారనుకున్నాను. అంత మైకంలో ఉన్నాను మరి.

వీధిలో ఎవరైనా చనిపోతే మగ్గాలన్నీ ఆపేయడం మా దగ్గర వాడుక. మా అవ్వకేమో మూడు రోజులుగా జ్వరం. పట్టపగలు మా మగ్గం వినబడకపోతే వీధి ఏమనుకుంటుందో మీరే చెప్పండి.

పక్కింటి నారాయణప్ప దండతో వచ్చాడు, వెనక పదిమంది. నన్ను వాటేసుకుని భోరుమన్నాడు. "నిన్న గూడా గంజి తాగింది కదప్పా! ఇంతలోనే ఎట్లయిపాయ?"

అంతలో దుప్పటి కప్పుకుని అవ్వే బయటికొచ్చింది. జనాన్ని చూసి తనూ కొంగు నోటికడ్డం పెట్టుకుని మొదలెట్టింది. "అయ్యో దేవుడా! ఎవురు సచ్చిరప్పా?"

ఏడుపులు టక్కున ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే సార్, ఫోన్లో శబ్దం కొలిచే యాప్ తెరిచి లోపలికొచ్చారు. అంకె చూసి మురిసిపోయారు. "మగ్గమే అనుకున్నా, వీధంతా నిశ్శబ్దం చేశారే!" అని నాయన వైపు తిరిగారు. "చప్పుడు మీకు బాగా ఇబ్బందని చెప్పారట?"

"నేనా? నన్ను ఎవురడిగిరి సార్? పోగు తెగితే చప్పుడు మారతాది, అప్పుడే కదా నాకు తెలిసేది!" అంటూ మగ్గం మీది పెళ్లిచీర చూపించాడు. జానెడు మేర పోగు తెగిన గీత. నాకు నిజంగా సిగ్గేసింది.

పరికరానికి పదికి పది వేశారు సార్. ఫారానికి సున్నా. మళ్లీ అడిగి నింపితేనే పాస్ అన్నారు.

రబ్బరంతా పీకేసి, నాయన పక్కన కూర్చుని ఆ జానెడూ విప్పించాను. మళ్లీ టక్ మంది మా మగ్గం. ఒక్కొక్కటిగా వీధి మగ్గాలన్నీ అందుకున్నాయి, రేకుల మీద వాన మొదలైనట్టు. నాకు కళ్లు మూతలు పడ్డాయి. అవ్వ మాత్రం నారాయణప్ప తెచ్చిన దండ మెడలో వేసుకుని కూర్చుని ఉంది.

"నా సావుకు ఎవరెవరొస్తారో కండ్లారా చూసుకుంటి. ఎదురింటోడు మగ్గం ఆపినాడే గాని, మనిషి రాలా. నీ ఫారంలో రాయప్పా!"

ఆ దండ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఏ మనిషి కష్టాన్నయినా, ఆ మనిషిని అడగకుండా ఈ జన్మలో రాయను. అవ్వను రెండుసార్లు అడిగి, ఎదురింటాయన పేరు రాసుకున్నాను.